పసుపు బస్తాలతో సిరిసిల్ల దాకా

దగ్గరికి జరిగి కూర్చోండి. ఒళ్లోని చాట పక్కన పెట్టి, తునికాకు మీద తడిగుడ్డ కప్పి, కాసేపు చెవులు నాకివ్వండి. నేనూ నా కోడలూ జగిత్యాల నుంచి కోరుట్ల మీదుగా సిరిసిల్ల వెళ్లి వచ్చిన ముచ్చట ఇది. దూరమంటారా, పెద్ద దూరం కాదు. దుబాయి, మస్కట్ వెళ్లి వచ్చిన మగవాళ్లు మన వాడకట్టులో ఇంటికొకరు ఉన్నారు. వాళ్ల ముచ్చట్లు ఏళ్ల తరబడి విన్నాం. ఇక మాదీ వినండి.

ఎందుకు వెళ్లామో ముందు చెబుతాను. మా ఇంట్లో బీడీలు చుట్టే పని మా అత్త నుంచి నాకు వచ్చింది. బీడీ కార్డు నా పేరు మీద ఉంది. నా చూపు మునుపటిలా లేదని, కార్డు మీద కోడలి పేరు ఎక్కించుకొమ్మని టేకేదారు చెప్పాడు. టేకేదారంటే మనకు ఆకు, తంబాకు ఇచ్చి చుట్టిన బీడీలు తీసుకుపోయేవాడు, మీకు తెలిసినవాడే. మన దగ్గర అది పద్ధతే కదా, అత్త పని కోడలి ఒళ్లోకి వస్తుంది. కానీ నా కోడలు స్వప్నకు తంబాకు పడదు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా దగ్గు ఆగదు. ఆ పిల్ల కుట్టుమిషన్ ముందు కూర్చొని, జనం వాడి పారేసిన ఫ్లెక్సీలు, మోకాళ్ల దగ్గర చినిగిన జీన్సు ప్యాంట్లు కత్తిరించి సంచులు కుట్టడం మొదలుపెట్టింది.

సిరిసిల్లలో ఆమె చిన్ననాటి స్నేహితురాలి పెళ్లి కుదిరింది. పెళ్లికి వచ్చిన ఆడవాళ్లకు తలా ఒక సంచి పెట్టాలని ఆ పిల్ల తల్లి పద్మమ్మ అనుకుంటోందట. మాదిరికి నాలుగు సంచులు తెచ్చి చూపించమని కబురు పెట్టింది. ఆమె సరేనంటే స్వప్న ఇక సంచులే కుడుతుంది. కాదంటే, తిరిగి రాగానే కార్డు మీద ఆమె పేరు ఎక్కుతుంది. బయలుదేరే ముందు అత్తాకోడళ్లం కుదుర్చుకున్న మాట అది.

జగిత్యాల బస్సులో వియ్యంకుడు

ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక జగిత్యాల బస్టాండులో పొద్దున పూట నిలబడటానికి కూడా చోటు దొరకదు. ఎలాగో ఎక్కాం. నా పక్కన నా ఈడు మనిషి ఒకామె కూర్చుంది. ఆమె ఒళ్లో టమాటాల కవరు పిగిలిపోయి, పండ్లు ఒక్కొక్కటీ సీటు కిందికి దొర్లుతున్నాయి. కాళ్లతో ఆపుతోంది, చేత్తో ఏరుతోంది, ప్లాస్టిక్ కవరును తిడుతోంది.

నా చేతిలోని ఫ్లెక్సీ సంచి ఆమె కంటపడింది. ఎక్కడ కొన్నావని అడిగింది. మా కోడలే కుట్టిందని చెప్పాను. చెప్పడం కాదు, బస్సంతా వినేలా చెప్పాను. తడిసినా ఏమీ కాదు, చేపలు తెచ్చుకున్నా కడిగితే పోతుంది అని స్వప్న వెనక సీటు నుంచి అందుకుంది. నేను డెబ్బై అన్నాను, ఆమె నలభై అంది, యాభైకి తెగింది. మా మొదటి బేరం, కదులుతున్న బస్సులో!

ఆమె సంచి నోరు తెరిచి టమాటాలు పోయబోయింది. పోయలేదు. లోపలికి వంగి చూసి, గబుక్కున కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

ఏమైందంటే, ఫ్లెక్సీ తెల్లటి వైపు బయటికి, బొమ్మల వైపు లోపలికి పెట్టి కుడుతుంది స్వప్న. ఆ ఫ్లెక్సీ ఎవరిదో సంవత్సరీకానికి వేయించింది. సంచి అడుగు నుంచి పూలదండ మధ్య ఒక పెద్దాయన మీసాలతో సహా పైకి చూస్తున్నాడు.

"గీయన మా వియ్యంకుడు," అంది ఆమె, గొంతు తగ్గించి. "మా పెద్దబిడ్డ మామ. పోయిండు పాపం, నిరుడు."

మన దగ్గర వియ్యంకుడి ముందు ఆడవాళ్లు ఎలా మసలుతారో మీకు తెలుసు. ఎదురుపడితే పక్కకు తప్పుకుంటాం, కొంగు కప్పుకొని మాట్లాడతాం. ఆమె బొమ్మ ముందు కూడా అలాగే చేసింది.

"బతికున్నప్పుడే గాయన మొఖం గింత దగ్గర సూడలె," అంది. "గిప్పుడు మొఖం మీద టమాటలు పొయ్యమంటవా వదినె? నాతోటి గాదు."

బస్సంతా ఒకటే నవ్వు. ఆమె కూడా నవ్వింది, కానీ కొంగు దించలేదు. డబ్బులు తిరిగి ఇచ్చాను. స్వప్న మాత్రం నవ్వలేదు. మిగిలిన సంచులు ఒక్కొక్కటే తెరిచి చూసుకుంది. ఒకదాంట్లో ఎలక్షన్లో ఓడిన నాయకుడి ముక్కు, ఒకదాంట్లో ఎవరి పిల్లదో పుట్టినరోజు కేకు. అన్నీ మడిచి మూట ముడి బిగించింది.

కోరుట్ల: మక్క గారెలు

కోరుట్లలో నా చెల్లెలు లచ్చవ్వ ఇల్లు. మనం మక్కజొన్న గారెల్లో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేస్తాం కదా, వాళ్లు అల్లం కూడా దంచి వేస్తారు, చేత్తో పల్చగా తడతారు. అంచులు కరకరలాడుతూ, నడుమ మెత్తగా ఉంటాయి. నేను ఎన్ని తిన్నానో లెక్క అడగకండి. ఇంకో తేడా కూడా చూశాను. మన వాడకట్టులో ఆడవాళ్లు కలిస్తే ఆకు తడి గురించి మాట్లాడుకుంటాం. అక్కడ పసుపు ధర గురించి మాట్లాడుకుంటారు. వాళ్ల గుమ్మాలు కూడా మనవాటి కంటే పచ్చగా ఉంటాయి. ఇంటి పంట, చేతికి పొదుపు ఉండదు.

బస్సు సంగతి చెబితే లచ్చవ్వ కడుపు పట్టుకొని నవ్వింది. నవ్వడం అయ్యాక మంచి మాటే చెప్పింది. ఫ్లెక్సీకి లోపల ఒక గుడ్డ వేసి కుడితే ఏ వియ్యంకుడూ కనిపించడు కదా అని. గుడ్డ ఎక్కడిది? కొత్తది కొంటే సంచి ధర పెరుగుతుంది. అప్పుడు లచ్చవ్వ మొగుడు, నాకు మరిది, అన్నం ముందు నుంచి తలెత్తాడు. ఆయన మెట్‌పల్లిలో పసుపు బస్తాలు మోసే హమాలీ.

"కొక్కెం తగిలి చినిగిన బస్తాలు మా తాన కుప్పలున్నయి వదినె. పొద్దుగాల నాతోటి రాండ్రి, మస్తుగ దొరుకుతయి," అన్నాడు.

మెట్‌పల్లి పసుపు

మెట్‌పల్లిలో ఆ వీధి మలుపు తిరగకముందే పసుపు వాసన ఎదురొచ్చింది. కొమ్ములు కుప్పలుగా పోసి ఉన్నాయి. హమాలీల కనురెప్పలు పచ్చన, గోళ్లు పచ్చన, చాయ్ గ్లాసుల మీద వేలిముద్రలు పచ్చన. ఒక ముసలి హమాలీ నన్ను చూసి, పెళ్లి ఎవరికి అవ్వా, నీకేనా అని అడిగాడు. మోసేవాళ్లంతా పెళ్లికొడుకుల్లాగే ఉన్నారు, ఎవరినో ఒకరిని ఏరుకుంటానులే అన్నాను. తరువాత ఆయనే మాకు చాయ్ తెప్పించాడు.

బస్తాలు చూసే సావుకారు ముందు నమ్మలేదు. చినిగిన బస్తాలు కొనడానికి ఇద్దరు ఆడవాళ్లు జగిత్యాల నుంచి వచ్చారా అని రెండుసార్లు అడిగాడు. చివరికి ఒక్కోటి పది రూపాయలకు ఇచ్చాడు. రెండు ఊరికే ఇచ్చాడు, మా మరిది మొహం చూసి. స్వప్న కుప్ప ముందు కూర్చొని ఒక్కో బస్తా దులిపి, వెలుతురుకు ఎత్తి పట్టి, నేత చెదరని పక్క ఏదో చూసి ఏరింది. ఆమె చుట్టూ పసుపు పొగలా లేచింది. జుట్టు మీద, బొట్టు మీద, మెడ మీద పడింది.

అంత దుమ్ములో ఆ పిల్ల ఒక్కసారి కూడా దగ్గలేదు. నేను కనిపెట్టాను. ఆమెకు చెప్పలేదు. చెబితే దిష్టి తగిలి మళ్లీ దగ్గు మొదలవుతుందేమో అనిపించింది.

సోడా నీళ్లు

ఇక నేను చేసిన ఘనకార్యం వినండి. బస్తా గుడ్డ లోపల వేస్తే పసుపు సరుకుకు అంటుతుంది కదా, ముందు రంగు వదిలించాలని నేనే అన్నాను. లచ్చవ్వ ఇంటి వెనక గంగాళంలో నీళ్లు కాచి, బట్టల సోడా గుప్పెళ్లతో వేసి, బస్తాలన్నీ ముంచాను. స్వప్న మిషన్ అడగడానికి పక్కింటికి వెళ్లింది. వచ్చేసరికి గంగాళంలో నెత్తురులాంటి నీళ్లు.

లచ్చవ్వ నెత్తి కొట్టుకుంది. "పసుపుల సున్నం కలిపితే పారాణయితది, గంత తెల్వదా అక్కా? ఎన్ని పెండ్లిళ్లల్ల కాళ్లకు వెట్టినవ్? సోడ గూడ గంతే గదనే."

నిజమే. ఎంతమంది పెళ్లికూతుళ్ల పాదాలకు నా చేత్తో పారాణి దిద్దానో! అరచేతిలో పసుపు ఎర్రబడటం చూస్తూనే పెరిగాను. బస్తా దగ్గరికి వచ్చేసరికి ఆ ముచ్చటే గుర్తుకు రాలేదు. పెళ్లిలో వాడేది ఒక తెలివి, బట్టలుతికేది ఇంకో తెలివి అన్నట్టు ఉంది నా బుర్ర.

మంచినీళ్లలో జాడించి మిద్దె మీద ఆరేశాం. కొన్ని చోట్ల పసుపు రంగు తిరిగి వచ్చింది, కొన్ని చోట్ల కుంకుమ ఎరుపు అలాగే పట్టుకుంది. మబ్బులు కమ్మినట్టు మరకలు మరకలు. నేను పడేద్దామన్నాను. స్వప్న చాలాసేపు చూసి వద్దంది. ఫ్లెక్సీ సంచులకు ఆ గుడ్డే లోపల వేసింది. మిగిలిన ముక్కతో ఒక సంచి మొత్తం బస్తాతోనే కుట్టింది, అడుగున నాలుగు మూలలూ నొక్కి, బియ్యం పోస్తే నిలబడేలా. అది ఎవరికి చూపించడానికి అని అడిగితే, ఎవరికీ కాదు, నాకే అంది.

మూటకు టికెట్

కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్లే బస్సు. కండక్టరమ్మ మా ఆధార్ కార్డులు చూసి సున్నా టికెట్లు ఇచ్చింది. తరువాత సీటు కింద మిగిలిన బస్తాల మూట చూసి, దానికి మాత్రం టికెట్ కొట్టింది. మనిషికి ఉచితం, బస్తాకు పైసలు. మా మరిది మోసే బస్తాల కంటే ఆడమనుషులం చవకైపోయామా అని అడిగితే, ఆమె నవ్వి మూటను తానే లోపలికి తోసి కాళ్లకు చోటు చేసింది.

దారిలో వరికోతల బండ్లు రోడ్డుకు అడ్డం. బస్సు ఆగిన చోటల్లా స్వప్న సంచుల మూట విప్పి, కట్టి, మళ్లీ విప్పింది. ఆమె చేయి పట్టుకున్నాను. చల్లగా ఉంది. నా చేయీ అంతే.

సిరిసిల్ల సాంచాలు

సిరిసిల్లలో మనుషులు గట్టిగా మాట్లాడతారు. కోపం అనుకోకండి. కరెంటు మగ్గాలను వాళ్లు సాంచాలంటారు. పక్కన సాంచాలు నడుస్తుంటే మెల్లగా మాట్లాడితే పెదవులు కదలడమే కనిపిస్తుంది. పద్మమ్మ ఇంటి వెనక షెడ్డులో అవే. చాయ్ ఇచ్చింది, చిన్న గ్లాసుల్లో, చిక్కగా. అది తాగి పెట్టేలోపే ఇంకోటి వచ్చింది. మనం చాయ్ తాగి పని మొదలుపెడతాం. వాళ్లు పని మధ్యలో చాయ్ తాగుతూనే ఉంటారు.

స్వప్న సంచులు పరిచింది. పద్మమ్మ నేత ఇంటి మనిషి. ముందు కుట్టు చూడలేదు, గుడ్డను బొటనవేలుతో నిమిరింది. ఫ్లెక్సీ సంచి ఎత్తి చూసి పక్కన పెట్టింది. పెళ్లికి వచ్చినవాళ్లకు ఫ్లెక్సీ పెడితే బాగుండదంది. జీన్సు సంచి తీసుకుంది. కుట్టు మెచ్చుకుంది, జేబులు మెచ్చుకుంది. నాకు ఆశ పుట్టింది. తరువాత దాన్ని కూడా దించి, స్వప్న తల నిమిరింది.

"పని మంచిగున్నది బిడ్డా. గని గిది ఒకలు తొడిగి ఇడ్శిన బట్ట. శుభకార్యంల ఇడ్శిన బట్ట ఎట్ల పెడ్తరు? తీస్కున్నోళ్లు నా మొఖం మీద అనకపోయినా, ఇంటికి వోయినంక అంటరు."

తప్పుపట్టడానికి లేదు. మీరైనా అదే అంటారు, నేనైనా అంటాను. నేను జగిత్యాలలోనే ఆలోచించాల్సిన మాట అది. స్వప్న తలొంచుకొని సంచులు మడతపెట్టసాగింది. నా కళ్ల ముందు బీడీ కార్డు, దాని మీద ఆమె పేరు.

అప్పుడు పద్మమ్మ మూటలో అడుగున ఉన్న బస్తా సంచిని చూసింది. స్వప్న అడ్డుపడి, అది చూపించడానికి తేలేదు, నాకోసం కుట్టుకున్నాను అంది. పద్మమ్మ లాగి తీసుకొని బొటనవేలుతో నిమిరింది. వేలు పచ్చబడింది.

స్వప్న మొహం చూడాల్సింది. "రంగు వోతది అత్తమ్మా," అంది పద్మమ్మతో, ఏడుపు గొంతుతో. "పసుపు బస్తది. ఎంత ఉతికినా వోతనే ఉంటది. అబద్ధమెందుకు."

పద్మమ్మ ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. లేచి లోపలికి వెళ్లింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆమె చాటెడు బియ్యంతో వచ్చి, సంచి తెరిచి, అందులో గుమ్మరించింది. చేయి పెట్టి కలిపింది. గుప్పెడు తీసి చూపించింది. తెల్లటి బియ్యం పల్చటి పసుపు పచ్చగా మెరుస్తున్నాయి.

"వదినె," అంది నాతో, "మీ దిక్కు ఒడిబియ్యం దేంట్ల కట్టి పంపుతరు?"

టవలులో కడతాం అన్నాను. అనగానే నాకు అర్థమైంది.

ఒడిబియ్యం సంగతి మీకు చెప్పక్కర్లేదు. పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఆడబిడ్డ ఒడిలో పోస్తారు. అది టవలులో మూటకట్టుకొని బస్సెక్కుతాం. ముడి వదులవుతుంది. ఒకసారి నాకు కొండగట్టు దగ్గర బస్సు మలుపు తిరిగినప్పుడు మూట జారి, అమ్మ పోసిన బియ్యం ఎవరెవరి చెప్పుల కిందో పడ్డాయి. గింజ గింజా ఏరుకుంటూ ఏడ్చాను. పుట్టింటి బియ్యం తొక్కించుకోవడం అంటే మాటలా?

పద్మమ్మ చెప్పింది. పెళ్లి అయిపోయాక ఇంటి ఆడబిడ్డలందరికీ ఒడిబియ్యం పోస్తున్నారట. పెళ్లికి వచ్చినవాళ్లందరికీ సంచులు పంచే ఆలోచన ఇక వద్దు, ఆడబిడ్డలకు మాత్రం ఇవే కావాలంది.

"బియ్యానికి పసుపు అంటితే ఏం తప్పు? అంటకుంటెనే తప్పు," అంది. "గిది ఎవ్వలు కట్టి ఇడ్శింది గాదు. పసుపు మోసిన బస్త. గింతకంటె శుభం ఏముంటది బిడ్డా?"

అంతలోనే బేరానికి కూడా దిగింది, నేత ఇంటి మనిషి కదా! సంచి పట్టుకునే చోట గోనె గరుకుగా ఉంది, చేతులు కోసుకుపోతాయి, అది మార్చాలంది. షెడ్డులోకి తీసుకుపోయి, సాంచాల అంచుల దగ్గర తెగిపడే దారపు కుచ్చులు చూపించింది. రోజూ ఊడ్చి పారేసేవే, ఎర్రవి, ఆకుపచ్చవి, నీలివి. కావలసినంత తీసుకుపొమ్మంది. నేను అక్కడే నేల మీద కూర్చొని ఒక కుచ్చు తీసుకొని మూడు పాయలు చేసి సంచి పట్టీకి జడ అల్లాను. బిడ్డకు అల్లినట్టే, బిగించి. పద్మమ్మ దాన్ని రెండు చేతులతో గుంజి చూసి, తలూపింది.

మధ్యాహ్నం అన్నంలో పచ్చిపులుసు, మీద నువ్వుల పొడి వేసి పెట్టింది. మా ఇంట్లో నువ్వులు పచ్చిపులుసులో వేయం. ఇకనుంచి వేస్తాం.

కొండగట్టు మీద కోతి

తిరుగు దారిలో అంజన్నకు మొక్కుకుందామని కొండగట్టులో దిగాం. మెట్ల దగ్గర ఒక కోతి స్వప్న చేతిలోని ఫ్లెక్సీ సంచిని పట్టుకుంది. అటు కోతి గుంజుతుంటే, ఇటు స్వప్న గుంజుతోంది. సంచి చినగలేదు, పట్టీ తెగలేదు. చివరికి కోతే విసుగుపుట్టి వదిలేసింది. చుట్టూ చూస్తున్న ఆడవాళ్లలో ఒకామె, కోతి గుంజినా చినగని సంచి నాకొకటి ఇవ్వు అంది. లోపల గోనె గుడ్డ ఉంది కనుక ఈసారి ధైర్యంగా తెరిచి చూపించాను. డెబ్బైకే ఇచ్చాను. బేరం ఆడలేదు ఆమె, కోతిని చూసింది కదా.

ఇల్లు

జగిత్యాలలో దిగిన మర్నాడు ఆకు తెచ్చుకోవడానికి వెళ్లాను. టేకేదారు కళ్లద్దాలు సర్దుకొని, కోడలి పేరు చెప్పమన్నాడు.

"నా పేరే ఉండని కొడుకా," అన్నాను. "గా కార్డు నాతోనే ఆగిపోతది."

కోడలికి ఏం పని చూశావని అడిగాడు. చెప్పాను. బస్తాలకు ఇంత కథా అని నవ్వి, ఆకు తూచి ఇచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి స్వప్న బస్తాలు కత్తిరిస్తోంది. పేరు ఎక్కించలేదని చెప్పాను. కత్తెర ఆపింది. లేచి వచ్చి నా చేతిలోని ఆకు కట్ట తీసుకొని, తడవకుండా ఎత్తున పెట్టింది. తరువాత సిరిసిల్ల దారాల కుప్ప నా ముందు పోసింది.

"జడలు గట్టిగ అల్లు అత్తమ్మా. ఎవల పుట్టింటి బియ్యం గూడ కింద వడొద్దు," అంది.

ఆ పొద్దు నేను బీడీ చుట్టలేదు. ఎర్రదారం, పచ్చదారం కలిపి అల్లుతూ కూర్చున్నాను. మిషన్ టకటకా నడుస్తూనే ఉంది. మధ్యలో దగ్గు వినబడలేదు.

ఓపిగ్గా విన్నారు. మీ గడప పసుపు ఎన్నడూ వెలవెలబోకూడదు. మీ ఆడబిడ్డలు నిండిన ఒడితో రావాలి, నిండిన ఒడితో పోవాలి. మీ కోడళ్ల ఊపిరి తేలికగా ఉండాలి, మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి.